కారు పెయింట్‌పై గీతలు, పెచ్చులు, వెలిసిన రంగు: ఇంట్లో ఏది చేయొచ్చు, ఎక్కడ ఆగాలి

తలుపు మీద వెంట్రుక మందం గీత పడితే ఆ సాయంత్రానికల్లా కాంపౌండ్ (గీతలు అరగదీసే రాపిడి పేస్టు) డబ్బా ఇంటికి వస్తుంది. బానెట్ అంచున రాయి తగిలి మిరియపు గింజంత పెచ్చు లేస్తే మాత్రం ఏడాదైనా ఎవరూ పట్టించుకోరు. నిజానికి తొందర పడాల్సింది రెండోదాని విషయంలో. సన్న గీత పదేళ్లున్నా కారుకు నష్టం లేదు. చూపుకే బాగుండదు. పెచ్చు లేచిన చోట రేకు బయటపడితే, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఒక్క వానాకాలం చాలు, తుప్పు పెయింట్ కిందకు పాకుతుంది. ఇంట్లో చేసే పని ఏదైనా ఈ తేడా దగ్గరే మొదలవ్వాలి: కంటికి బాధ కలిగించేది ఏది, కారును తినేసేది ఏది?

దానికి ముందు రేకు మీద ఏముందో తెలియాలి. ఫ్యాక్టరీలో రేకును ఫాస్ఫేట్ ద్రావణంలో కడిగి, ఆ తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటు సాయంతో ఒక పూత పట్టిస్తారు. దీన్ని ఈడీ కోటు అంటారు. మందం సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తుప్పును ఆపే అసలు కవచం ఇదే. దాని మీద ప్రైమర్ 30 మైక్రాన్ల వరకు, రంగు ఉండే బేస్ కోటు 15 మైక్రాన్ల దగ్గర, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్లు. అన్నీ కలిపినా చాలా కార్లలో 100 నుంచి 130 మైక్రాన్లకు మించదు. మనిషి తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత మందంలోనే ఈ నాలుగు పూతలూ ఇమిడిపోవాలి. పాలిష్, కాంపౌండ్, వాటర్ పేపర్ అన్నీ పైనున్న క్లియర్‌ను అరగదీసి పని చేసేవే. ఎండలోని అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఆ క్లియర్‌లోనే ఉంటాయి. కారు జీవితకాలం మొత్తంలో దాని నుంచి 8, 10 మైక్రాన్లకు మించి తీస్తే, అక్కడి రంగు మిగతా కారు కంటే ముందే చెడుతుంది. అరిగిన క్లియర్ తిరిగి పెరగదు కాబట్టి, ప్రతి రుద్దుడూ ఆ నిల్వలోంచి తీసే ఖర్చే.

గీత లోతు ఎంత?

దుమ్ము ఉన్న కారు మీద ఏదీ తేలదు. ముందు షాంపూతో కడిగి, గీత ఉన్న చోట నీళ్లు చల్లాలి. తడిగా ఉన్నంతసేపూ గీత మాయమైతే అది క్లియర్‌లోనే ఉంది. గాడిలో నీరు నిండటంతో వెలుగు చెదరకుండా లోపలికి పోతుంది, అందుకే కనిపించదు. కొబ్బరినూనె, కిరోసిన్, డాష్‌బోర్డ్ పాలిష్ రాస్తే గీతలు పోయాయని చెప్పేవారికి కనబడేదీ ఇదే. నూనె గాడిని నింపుతుంది, రెండు కడుగుళ్లకు వెళ్లిపోతుంది, గీత తిరిగొస్తుంది. టూత్‌పేస్టుది మరో కథ. అది పళ్లను తోమే మెత్తటి రాపిడి పొడి. చాలా సన్న గీతలను కాస్త తగ్గిస్తుంది కూడా. కానీ చాలా కార్ల కాంపౌండ్‌లలో రేణువులు రుద్దేకొద్దీ నలిగి సన్నబడేలా చేస్తారు. టూత్‌పేస్టుకు ఆ గుణం ఉండదు, తన వంతు గీతలు తానూ మిగులుస్తుంది.

తడిపినా కనిపిస్తే గోరు అడ్డంగా లాగాలి. గోరు తట్టకపోతే కాంపౌండ్‌తో పోతుంది. కొద్దిగా తట్టితే చాలా వరకు తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. గోరు దిగబడి ఆగితే రుద్దడం మానేయాలి, దాన్ని రంగుతో నింపాల్సిందే. గాడి అడుగున కనిపించే రంగు మరికొంత చెబుతుంది. బూడిద రంగైతే ప్రైమర్ దాకా వెళ్లింది. మెరిసే లోహమో, గోధుమరంగో ఉంటే రేకు తగిలింది. నల్ల కారు మీద తెల్లటి గీత చూసి చాలామంది ప్రైమర్ అనుకుంటారు. ఎక్కువసార్లు అది చిట్లిన క్లియర్ అంచులే, నీళ్లు పోస్తే తేలిపోతుంది.

ఇంకో రకం ఉంది, చాలామంది గుర్తించరు. గోడకో, గేటుకో, పక్క బండికో రాసుకున్న బంపర్ మూలలో కనిపించే తెల్లటి మచ్చ మన పెయింట్ పోయిన గుర్తు కాకపోవచ్చు, గోడ సున్నమో అవతలి బండి పెయింటో మన మీద అంటుకుని ఉండొచ్చు. వేలితో తడిమితే గుంటలా కాక ఎత్తుగా తగులుతుంది. తారు తీసే ద్రావకం గుడ్డకు అద్ది మెల్లగా తుడిచి, మిగిలినది కాంపౌండ్‌తో తీస్తే సగానికి సగం 'గీతలు' పోతాయి. థిన్నర్ వాడాలనుకుంటే ముందు కనిపించని చోట పరీక్షించాలి. ఫ్యాక్టరీలో 140 డిగ్రీల దగ్గర కాలిన పూత క్షణకాలపు తుడుపుకు తట్టుకుంటుంది. ఎప్పుడో రోడ్డు పక్క షెడ్డులో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ వేయించిన ప్యానెల్ అయితే రంగు కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. పెయింట్ వేయని నల్ల ప్లాస్టిక్ భాగాల మీద థిన్నర్ పడనే కూడదు.

సన్న గీతలు: చేత్తో కాంపౌండ్

పని నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మన వేసవిలో అంటే ఉదయం ఎనిమిదిలోపు. ఎండలో నిలిపిన ముదురు రంగు కారు బానెట్ మీద చెయ్యి ఆనించలేం. అలాంటి రేకు మీద కాంపౌండ్ రుద్దకముందే ఎండి పొడిగా మారుతుంది, ఆ పొడే కొత్త గీతలు గీస్తుంది.

ఒకసారికి అడుగు పొడవు, అడుగు వెడల్పు చాలు. ఫోమ్ అప్లికేటర్ మీద శనగగింజంత చొప్పున మూడు చుక్కలు కాంపౌండ్ వేసి, నిలువుగా ఇరవై, అడ్డంగా ఇరవై సార్లు రుద్దాలి. ముందు ఓ మోస్తరు ఒత్తిడి, చివర్లో తేలిగ్గా. పూర్తిగా ఎండకముందే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. వెంటనే సంతోషపడకూడదు. కాంపౌండ్‌లోని నూనెలు కూడా గాడిని నింపి మోసం చేస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి చల్లి తుడిచాక మొబైల్ టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మిగిలి ఉంటే ఇంకోసారి, మహా అయితే మూడోసారి. ఆ తర్వాత ఫైన్ పాలిష్, చివర వ్యాక్స్ లేదా సీలెంట్. కాంపౌండ్ చేసి వ్యాక్స్ వేయకుండా వదిలితే పెయింట్ కింద పడిపోదు గానీ, పైన కాపు లేక మురికి తొందరగా పడుతుంది.

గుడ్డ కింద పడితే దాంతో మళ్లీ తుడవకూడదు. నేలనంటిన ఒక్క ఇసుక రేణువు గంట పనిని పాడు చేస్తుంది.

గోరు కొద్దిగా తట్టే గీతకు వాటర్ పేపర్ అవసరపడుతుంది. నంబరు పెరిగేకొద్దీ పేపర్ సన్నం, ఇంట్లో 2500, 3000 నంబర్లకే పరిమితం కావడం మంచిది. పేపర్‌ను పావుగంట సేపు షాంపూ చుక్క వేసిన నీళ్లలో నానబెట్టి, చిన్న రబ్బరు దిమ్మకు చుట్టి, గీత దిశలో కాక దానికి ఏటవాలుగా పది పదిహేను సార్లు తేలిగ్గా లాగాలి. నీరు పాలలా తెల్లగా వస్తే అరుగుతున్నది క్లియర్. నీటిలో కారు రంగు కనిపించిందంటే క్లియర్ దాటిపోయింది, ఇక ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ తప్పదు. గీత అడుగు వరకు చదును చేయాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. అంచులు మొద్దుబారితే చాలు, వెలుగు చెదరడం తగ్గి గీత ఐదడుగుల దూరం నుంచి కనిపించదు.

తలుపు మీద మడత గీతలు, బానెట్ అంచులు, బంపర్ మూలల దగ్గర క్లియర్ పలుచగా ఉంటుంది. పెయింట్ వేసినప్పుడు తడిగా ఉండగానే అంచుల నుంచి పక్కకు జారుతుంది కాబట్టి. వాటిపై మాస్కింగ్ టేపు అంటించాకే పని మొదలుపెట్టాలి. మిషన్ వాడేవాళ్లు డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌తోనే (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం) ఆగాలి. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మిషన్ ఒకే చోట మూడు నాలుగు క్షణాలు ఆగినా వేడికి క్లియర్ కాలుతుంది, అంచు మీదైతే ఇంకా తొందరగా. డ్రిల్లింగ్ మిషన్‌కు బఫింగ్ ప్యాడ్ తగిలించి చేసేదీ రోటరీ పనే.

పెచ్చులు: ఆలస్యం చేయకూడని పని

హైవే మీద లారీ వెనుక నడిచే కార్లకు బానెట్ ముందు అంచు, అద్దం పైన రూఫ్ అంచు, చక్రాల గూళ్లు, తలుపుల కింది భాగం దెబ్బతింటాయి. రాయి దెబ్బకు పెయింట్ గుంటలా చితికి ఊడుతుంది. చుట్టూ ఉన్న అంచు కూడా రేకును వదిలేసి ఉంటుంది. పైకి బియ్యపు గింజంత కనిపించినా కింద అంతకు రెండింతలు వదులై ఉండొచ్చు. టచప్ చేసిన కొన్నాళ్లకే మళ్లీ ఊడిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే: వదులు అంచు మీదే రంగు పెట్టేశారు.

ముందు రంగు కోడ్. ఊరికే 'తెలుపు', 'సిల్వర్' అంటే సరిపోదు. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే పిల్లర్ మీద లేదా బానెట్ కింద ఉన్న ప్లేటులో కోడ్ ఉంటుంది. మారుతీ సుజుకీలో సుపీరియర్ వైట్‌కు 26యూ, సిల్కీ సిల్వర్‌కు జెడ్2ఎస్ అన్నట్టు ఒక్కో రంగుకూ ఒక్కో కోడ్. ఆ కోడ్‌తో కలిపిన టచప్ సీసానే కొనాలి. తలుపు లోపలి అంచు మీద చుక్క పెట్టి, ఎండాక పోల్చి చూసుకోవాలి. తడి రంగు, ఎండిన రంగు ఒకలా ఉండవు.

పెచ్చు చుట్టూ ఆల్కహాల్‌తో తుడిచి వ్యాక్స్, జిడ్డు పోగొట్టాలి. అంచు మీద టేపు గట్టిగా అదిమి ఒక్కసారి లాగితే వదులుగా ఉన్నది దానితో వచ్చేస్తుంది. రాకపోతే పళ్లపుల్లతో గీకాలి. తుప్పు కనిపిస్తే 400 నంబరు పేపర్‌ను పెన్సిల్ చివరకు చుట్టి, లోహం మెరిసేదాకా గుంటలోనే తిప్పాలి. చిన్న రంధ్రాల్లో ఇంకా నల్లగా మిగిలితే ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిన్ ఉన్న రస్ట్ కన్వర్టర్‌ను పుల్లతో చుక్క పెట్టాలి. అది తుప్పును కదలని నల్లటి పొరగా మారుస్తుంది. పక్కనున్న పెయింట్ మీద పడితే వెంటనే తుడిచేయాలి. తుప్పు లేని మెరిసే రేకు మీద దాని అవసరం లేదు. తుప్పు మీద నేరుగా రంగు పెట్టడం కంటే ఏమీ చేయకపోవడమే నయం. మూత కింద తేమ బిగుసుకుని తుప్పు లోపల్లోపల పాకుతుంది, కంటికి కనిపించేసరికి రూపాయి బిళ్లంత అయి ఉంటుంది.

రేకు కనిపించిన ప్రతి చోటా ప్రైమర్ తప్పనిసరి. పలుచగా ఒక చుక్క, గంట ఆరబెట్టాలి. తర్వాత రంగు. సీసాను కనీసం రెండు నిమిషాలు ఊపాలి, మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేణువులు అడుగున పేరుకుంటాయి. సీసా మూతకున్న బ్రష్ వద్దు, అది గుంట కంటే నాలుగింతలు పెద్దది. పళ్లపుల్ల లేదా 000 సైజు బొమ్మల కుంచెతో గుంట మధ్యలో చుక్క పెడితే రంగు తానే అంచుల దాకా పారుతుంది. ద్రావకం ఆవిరయ్యేకొద్దీ చుక్క కుంగుతుంది. కాబట్టి అరగంట నుంచి ముప్పావు గంట ఎడంతో మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఒకేసారి నింపేస్తే పైన పొర కట్టి లోపల ద్రావకం చిక్కుకుంటుంది. అది బయటికి వచ్చేటప్పుడు సూదిమొన రంధ్రాలు చేస్తుంది, లేదా చుక్క నెలల తరబడి మెత్తగానే ఉండిపోతుంది. రంగు చుట్టూ ఉన్న మట్టం కంటే వెంట్రుకవాసి కిందే ఆగాలి. మిగతా జాగా క్లియర్‌ది. క్లియర్‌ను రెండు మూడు చుక్కల్లో మట్టం కంటే కాస్త ఎత్తుగా వదిలేయాలి.

అక్కడితో తుప్పు భయం తీరింది. చిన్న బొడిపెలా కనిపించినా ఇబ్బంది లేనివాళ్లు పనిని అక్కడే ముగించవచ్చు. అలా ముగించడం తెలివైన నిర్ణయమే. చదును కావాలంటే కనీసం వారం, వానాకాలంలో రెండు వారాలు ఆగి, పెన్సిల్ రబ్బరు చివర అంటించిన 2000 నంబరు పేపర్ ముక్కతో బొడిపె మీద మాత్రమే తడిగా రుద్ది, 3000, కాంపౌండ్‌తో ముగించాలి. తొందరపడి మర్నాడే రుద్దితే చుక్క మొత్తం పేపర్‌తో పాటు లేచి వస్తుంది.

రంగు అచ్చంగా కలుస్తుందని ఆశించకూడదు. సాలిడ్ (మెరుపు రేణువులు లేని) తెలుపు, ఎరుపు దాదాపు కలుస్తాయి. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్‌లలో కోడ్ సరైనదైనా టచప్ చుక్క ఒక పక్క నుంచి ముదురుగా కనిపిస్తుంది. స్ప్రేలో రేణువులు రేకుకు సమాంతరంగా పడుకుంటాయి. కుంచె చుక్కలో అడ్డదిడ్డంగా నిలబడి వెలుగును వేరేగా తిప్పుతాయి. సీసా మార్చినా అది పోదు. పెర్ల్ రంగుల్లో బేస్, పెర్ల్ అని రెండు సీసాలు రావచ్చు, వరుస తప్పకూడదు.

పెయింట్ ఉబ్బి పొక్కులా లేచి, ఎక్కడా దెబ్బ గుర్తు లేకపోతే అది టచప్ పని కాదు. తుప్పు లోపలి నుంచి వస్తోంది. తలుపు అడుగున నీరు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోతే జరిగేది ఇదే. కన్నాలు పుల్లతో తెరవడం ఇంట్లో చేయొచ్చు. రేకు పని టింకరింగ్ షెడ్డుకు వదిలేయాలి.

బంపర్‌కు వేరే లెక్క

బంపర్ ప్లాస్టిక్, తుప్పు పట్టదు. అందుకే తొందర లేదు. ముడి ప్లాస్టిక్ కనిపించే లోతు గీతకు ముందుగా ప్లాస్టిక్ ప్రైమర్ లేదా అడెషన్ ప్రమోటర్ వేయాలి. చాలా బంపర్లు పాలీప్రొపైలిన్‌వి, దాని మీద మామూలు ప్రైమర్ పట్టు దొరక్క పలకలుగా లేస్తుంది. లోతైన గాట్లకు రేకు మీద వాడే లప్పం పనికిరాదు. బంపర్ వంగుతుంది, లప్పం వంగదు, మొదటి తాకిడికే బీటలు వారుతుంది. బంపర్లకు ప్రత్యేకించిన సాగే ఫిల్లర్ అడగాలి. ముడి ప్లాస్టిక్‌ను పేపర్‌తో రుద్దినప్పుడు సన్నటి నూగు లేస్తుంది. మీద రంగు వేస్తే ముళ్లలా కనిపిస్తుంది. కొత్త బ్లేడుతో పడుకోబెట్టి గీకి, ఆ తర్వాతే 600 పేపర్ పట్టాలి.

గాటు అరచేయి కంటే పెద్దదైతే ఇన్సూరెన్స్ లెక్క వేసుకోవాలి. క్లెయిమ్ లేని ఏడాదులకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై, వరుసగా 25, 35, 45 మీదుగా 50 శాతం దాకా వెళుతుంది. ఒక్క ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగిన నష్టం) క్లెయిమ్‌తో సున్నాకు పడుతుంది. ప్లాస్టిక్ భాగం మార్చాల్సి వస్తే మామూలు పాలసీలో తరుగుదల కింద దాని ధరలో సగం మన జేబు నుంచే. ఒక్క బంపర్ పెయింట్ కోసం క్లెయిమ్ చేయడం చాలాసార్లు గిట్టుబాటు కాదు.

వెలిసిన రంగు

అంబాసిడర్ కాలం కార్లకు, పాత సాలిడ్ రంగుల బండ్లకు పైన వేరే క్లియర్ లేదు. రంగే పై పూత. ఎండకు పైపొర పొడిబారి సుద్దలా చేతికి అంటుతుంది. దాన్ని కాంపౌండ్‌తో తీస్తే కింద తాజా రంగు బయటపడి మళ్లీ నిగారింపు వస్తుంది. గుడ్డకు కారు రంగు అంటడం అక్కడ సహజం. క్లియర్ ఉన్న కారులో గుడ్డకు రంగు అంటితే ప్రమాదం. అదే గుర్తు, రెండిట్లో వేరు వేరు అర్థాలు. అందుకే పని మొదలుపెట్టే ముందు ఓ మూల తెల్ల గుడ్డతో పరీక్ష చేసుకోవాలి.

క్లియర్ ఉన్న కారు మసకబారితే అన్నిసార్లూ రంగు వెలిసినట్టు కాదు. బోరునీటితో కడిగి ఎండకు ఆరనిచ్చిన కార్ల మీద కాల్షియం మచ్చలు గుండ్రంగా పేరుకుంటాయి. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాలుంచి కడిగితే పైపై మచ్చలు పోతాయి. మిగిలితే పాలిష్. పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులిపించే కార్లకు వెలుగులో సాలెగూడులా కనిపించే సన్న గీతలూ మసకకు కారణమే. వాటికీ పాలిష్ చాలు, కానీ పొడి తుడుపు ఆపకుండా పాలిష్ చేయించడం క్లియర్‌ను వృథాగా అరగదీయడమే. దుమ్ము మీద కవర్ కప్పితే, గాలికి ఊగి అదీ ఆ పనే చేస్తుంది.

రూఫ్, బానెట్ మీద తెల్లటి మచ్చలు వచ్చి, అంచులు గోటికి తగిలి, పొట్టులా లేస్తుంటే క్లియర్ చచ్చిపోయింది. దానికి పాలిష్ లేదు, వ్యాక్స్ లేదు. రుద్దితే పొట్టు ఇంకా విస్తరిస్తుంది. ప్యానెల్ మొత్తాన్ని పేపర్ పట్టి, బేస్, క్లియర్ కొత్తగా వేయాల్సిందే. డబ్బా స్ప్రే క్లియర్‌లలో హార్డనర్ (పూతను గట్టిపరిచే రసాయనం) లేని రకం మన ఎండకు, పెట్రోలు చుక్కలకు నిలవదు. హార్డనర్ కలిసే టూకే రకం గట్టిదే, కానీ అందులో ఐసోసయనేట్ ఉంటుంది. ఆ స్ప్రే తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం ఉండే ఆస్తమా రావచ్చు. కర్చీఫ్, సర్జికల్ మాస్కు దాన్ని ఆపవు. సరైన కార్ట్రిడ్జ్ రెస్పిరేటర్, గ్లౌజులు, కళ్లద్దాలు, తెరిచిన చోటు లేకుండా, ఇంట్లో పిల్లలు తిరిగే పార్కింగ్‌లో ఈ పని చేయకూడదు. బూత్ ఉన్న వర్క్‌షాపులో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన పూతకు ఇంటి పూత సాటి రాదన్నదీ నిజం.

చిన్న భాగానికి స్ప్రే చేసినా వాన ముసురు రోజు వద్దు. ద్రావకం ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలో తేమ దాని మీద చేరి పూత పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. డబ్బాను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, చేయి ఆపకుండా, ఒక పట్టీ మీద సగం ఇంకో పట్టీ పడేలా పలుచగా వేయాలి. దగ్గరైతే కారుతుంది, దూరమైతే నారింజ తొక్కలా గరుకు తేలుతుంది.

మూసిన పెచ్చులను మొదటి వానాకాలం దాటాక మళ్లీ చూడాలి. చుక్క చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తే కింద తుప్పు మిగిలిపోయింది. దాని మీద ఇంకో చుక్క పెట్టకుండా, పాతది పూర్తిగా పెళ్లగించి, రేకు మెరిసేదాకా శుభ్రం చేసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.